పోర్ట్రెయిట్ వేయించుకోవడం ఎలా: ఫొటో తీసే దగ్గర్నుంచి గోడకు తగిలించే దాకా

"మావాళ్ల బొమ్మ వేయించాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా రాసి రాసి విసుగొచ్చింది, అందుకే అంతా ఒకచోట పెట్టేస్తున్నాను.

బొమ్మ కుదరకపోతే తప్పు ఆర్టిస్టుదే అనుకుంటాం. కొన్నిసార్లు అది నిజమే కానీ, ఎక్కువసార్లు ఆర్టిస్ట్ బ్రష్ పట్టకముందే పని చెడిపోయి ఉంటుంది. మనం పంపిన ఫొటోలోనో, మనం చెప్పకుండా వదిలేసిన మాటలోనో. నేను మొదటిసారి మా నాన్న బొమ్మ వేయించినప్పుడు, కళ్లజోడు మీద లైటు పడి మెరుస్తోందని దాన్ని తీయించేసి, ట్యూబ్‌లైట్ కింద నిలబెట్టి ఫొటో తీసి పంపాను. బొమ్మ వచ్చింది. ముక్కు, చెవులు, నుదుటి మీద గీతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మా అమ్మ చాలాసేపు చూసి, నాన్న వైపు తిరిగి "ఎవరండీ ఈయన?" అంది. ఆయన ఎప్పుడూ కళ్లజోడు ముక్కు మీదికి జారనిచ్చి, దాని పైనుంచి చూస్తారు. ఆ చూపు లేని నాన్న మాకెవరికీ తెలియదు. ఆ సంగతి ఆర్టిస్టుకు ఎవరు చెప్పారు మరి?

1. ఎవరినీ అడగకముందే తేల్చుకోవాల్సినవి

ముందు గోడ చూసుకోండి. పాత న్యూస్‌పేపర్లు అతికించి, మీరు అనుకుంటున్న సైజులో కత్తిరించి, టేపుతో అక్కడ అంటించి రెండు రోజులు ఉంచండి. కాగితం మీద 16×20 అంగుళాలు పెద్దగానే అనిపిస్తుంది, ఖాళీ గోడ మీద పెడితే తపాలా బిళ్లలా ఉంటుంది. ఈ ఒక్క పనితో సగం అయోమయం పోతుంది.

తర్వాత, మనిషి ఎంతవరకు కనిపించాలి? తల, భుజాల వరకు అయితే 16×20 లేదా 20×24 అంగుళాలు సరిపోతాయి. నడుము వరకు చేతులతో సహా కావాలంటే 30×40 దాకా వెళ్లాల్సి రావచ్చు. నిలువెత్తు బొమ్మ అంటే ఆ లెక్కే వేరు. పెద్దవాళ్ల తల గడ్డం నుంచి నడినెత్తి దాకా సుమారు 9 అంగుళాలుంటుంది, బొమ్మలో అంతకంటే కాస్త చిన్నగా ఉంటేనే కంటికి ఇంపు. దాన్ని మించితే ఇంట్లో హోర్డింగ్ పెట్టినట్టుంటుంది.

చేతులు కనిపించాలా వద్దా అన్నది చిన్న విషయం కాదు. వేయడం కష్టం, ఖర్చు పెరుగుతుంది. కానీ కొందరి స్వభావమంతా చేతుల్లోనే ఉంటుంది, వాళ్ల విషయంలో పొదుపు చేయకండి. ఇద్దరిని వేయించడమంటే దాదాపు రెండు బొమ్మల పని అని కూడా గుర్తుంచుకోండి.

ఇక సర్‌ప్రైజ్ బహుమతులు. డబ్బులిచ్చేది ఒకరు, బొమ్మలో ఉండేది ఇంకొకరు అయినప్పుడే గొడవలు ఎక్కువ. 1954లో అప్పటి బ్రిటన్ ప్రధాని చర్చిల్ 80వ పుట్టినరోజుకు ఆ దేశ పార్లమెంటు గ్రాహం సదర్లాండ్ అనే చిత్రకారుడి చేత ఆయన పోర్ట్రెయిట్ వేయించి ఇచ్చింది. అది ఆయనకు అస్సలు నచ్చలేదు, ఆ తర్వాత ఆయన భార్యే దాన్ని నాశనం చేయించారు. అందుకే నా సలహా: సర్‌ప్రైజ్ ఇవ్వాలంటే "నీ బొమ్మ వేయిస్తున్నాను" అన్న కబురే సర్‌ప్రైజ్‌గా ఇవ్వండి. ఫొటోలు, భంగిమ, బట్టలు వాళ్లతో కలిసి తేల్చుకోండి.

2. ఏ రంగులు?

ఆయిల్: చర్మం రంగు, లోతు దీనిలో వచ్చినట్టు ఇంకెందులోనూ రావు. కానీ నిదానం. తాకితే అంటుకోకుండా ఆరడానికే కొన్ని రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది, లోపలి దాకా ఆరాలంటే నెలలు. పైపూతగా వేసే వార్నిష్‌ను మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది తర్వాతే వేస్తారు. వచ్చే నెల ఫంక్షన్‌కి ఆయిల్ కావాలని అడిగి ఎవరినీ ఇబ్బంది పెట్టకండి.

యాక్రిలిక్: నిమిషాల్లో ఆరిపోతుంది, పని త్వరగా తెములుతుంది.

వాటర్ కలర్: తేలిగ్గా, గాలి ఆడినట్టుంటుంది, కానీ ముఖం మీద తప్పు పడితే దిద్దడం కష్టం. మంచి కాటన్ కాగితం మీద వేయించి, అద్దం ఉన్న ఫ్రేములో పెట్టాలి.

చార్‌కోల్ (బొగ్గు కడ్డీ), పెన్సిల్: అన్నిటికంటే త్వరగా, తక్కువ ఖర్చులో అవుతాయి. వీటికీ అద్దం తప్పదు.

ఏదీ తేల్చుకోలేకపోతే ముందు అదే ఆర్టిస్టుతో చిన్న చార్‌కోల్ బొమ్మ వేయించండి. మీవాళ్ల పోలిక ఆయన చేతికి ఎంత చిక్కుతుందో తెలిసిపోతుంది, పెద్ద బొమ్మకు డబ్బులు పెట్టకముందే.

3. ఆర్టిస్టును ఎంచుకోవడం

పేజీలో పైన పెట్టిన రెండు మూడు మంచి బొమ్మలు చూసి పడిపోకండి. కనీసం పది ముఖాలు చూడండి. అందరికీ ఒకే రకం కళ్లు, ఒకే పెదవులు ఉన్నాయంటే ఆ ఆర్టిస్ట్ మనిషిని చూసి వేయడం లేదు, అలవాటుగా వేసేస్తున్నారు. ముసలివాళ్ల ముఖాలు, పిల్లలవి, చామనఛాయవాళ్లవి విడిగా అడిగి చూడండి. నల్లటి చర్మంలో నీలం, ఊదా, ఎరుపు ఛాయలుంటాయి. వట్టి గోధుమరంగుకు నలుపు కలిపి పూసేస్తే ముఖం మట్టిబొమ్మలా అవుతుంది.

వేసిన బొమ్మనూ దానికి వాడిన ఫొటోనూ పక్కపక్కన పెట్టి చూపించమని అడగండి. ఇది తప్పు కాదు, మంచి ఆర్టిస్టులు సంతోషంగానే చూపిస్తారు. కానీ ఒకరి దగ్గరికి వెళ్లి "ఇంకొకరి స్టైల్లో వేయండి" అనడం మాత్రం చేయకండి. ఆ స్టైల్ కావాలంటే ఆ ఇంకొకరి దగ్గరికే వెళ్లండి.

మోసాల సంగతి. ఫొటోను కంప్యూటర్లో పెయింటింగ్‌లా మార్చి, కాన్వాస్ మీద ప్రింట్ తీసి, పైన జెల్‌తో బ్రష్ గీతలు లాగి "హ్యాండ్ పెయింటెడ్" అని అమ్మేవాళ్లున్నారు. డబ్బులు పంపే ముందు, వాళ్లు ఇదివరకు వేసిన బొమ్మల విషయంలో ఇవి అడగండి:

☐ పని జరుగుతుండగా తీసిన వీడియో, ఖాళీ కాన్వాస్ నుంచి
☐ పూర్తయిన బొమ్మకు పక్కనుంచి లైటు వేసి తీసిన క్లోజప్ (పూత ఎత్తుపల్లాలు రంగుల హద్దులతో కలిసి నడవాలి)
☐ కాన్వాస్ వెనక వైపు, అంచుల ఫొటోలు
☐ వాళ్ల పేజీలోని బొమ్మల్ని ఇమేజ్ సెర్చ్‌లో వేసి, ఇంకెవరి పేరుతోనైనా ఉన్నాయేమో మీరే చూసుకోవడం

4. మాట కాదు, రాత

పెద్ద అగ్రిమెంట్ అక్కర్లేదు, ఒక పేజీ ఈమెయిల్ చాలు. "మనవాడే కదా" అని నోటిమాట మీద వదిలేసిన చోటే చివర్లో మొహమాటాలు మొదలవుతాయి. అందులో ఇవి ఉండాలి:

☐ సైజు, మీడియం (ఏ రకం రంగులు), కాన్వాస్ లేదా కాగితం రకం
☐ ఎవరెవరు, ఎంతవరకు, వెనక ఏముండాలి
☐ మొత్తం ధర, అందులో ఫ్రేము, ప్యాకింగ్, రవాణా ఉన్నాయా లేవా
☐ డబ్బులు ఎప్పుడెప్పుడు: కొంత అడ్వాన్స్, కొంత స్కెచ్ ఒప్పుకున్నాక, మిగతాది పూర్తయ్యాక
☐ ఏయే దశల్లో మీకు చూపిస్తారు, ఏ దశలో ఎన్ని మార్పులు ఉచితం
☐ మధ్యలో ఆపేస్తే ఎవరికి ఎంత
☐ బొమ్మ ఫొటోను ఆర్టిస్ట్ తన పేజీలో పెట్టుకోవచ్చా, మీరు ప్రింట్లు తీయించుకోవచ్చా

చివరిది చాలామంది వదిలేస్తారు. బొమ్మ మీ ఇంట్లో ఉన్నంత మాత్రాన కాపీరైట్ కూడా మీదే అయిపోదు. ఈ విషయంలో చట్టం దేశాన్ని బట్టి మారుతుంది, అందుకే ముందే రాసుకోవడం మేలు. అలాగే మీరిచ్చే ఫొటో ఒక ఫొటోగ్రాఫర్ తీసిందైతే వాళ్ల అనుమతి కూడా తీసుకోండి.

5. ఫొటోలు: మొత్తం ఆట ఇక్కడే

ఈ భాగం రెండుసార్లు చదవండి.

వెలుతురు ఒక్క వైపు నుంచే రావాలి. ఎండ నేరుగా పడని పెద్ద కిటికీ చూసుకుని, మనిషిని దానికి మూడు నాలుగు అడుగుల దూరంలో కూర్చోబెట్టి, ముఖం కిటికీ వైపు కొంచెం తిప్పించండి. గదిలో లైట్లన్నీ ఆపేయండి. కిటికీ వెలుతురు నీలంగా, బల్బు వెలుతురు పసుపుగా ఉంటాయి, రెండూ కలిస్తే అసలు చర్మం రంగేదో ఆర్టిస్టుకు అంతుపట్టదు. ఒక చెంప వెలుగులో, ఇంకో చెంప కాస్త నీడలో ఉండాలి. ఆ నీడే ముక్కుకు ఎత్తునూ కళ్లకు లోతునూ ఇస్తుంది. ఫ్లాష్ వేస్తే నీడలన్నీ పోయి ముఖం అప్పడంలా చదునైపోతుంది.

దూరం. ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. ఆర్టిస్ట్ ఆ ఫొటోనే నమ్మి వేస్తే బొమ్మలోనూ అదే ముక్కు. ఆరు నుంచి ఎనిమిది అడుగులు వెనక్కి వెళ్లి, 2ఎక్స్ లేదా 3ఎక్స్ జూమ్‌లో, కెమెరాను వాళ్ల కళ్ల ఎత్తులో పట్టుకుని తీయండి. సెల్ఫీలు వద్దే వద్దు. బ్యూటీ ఫిల్టర్, వెనక బ్లర్ చేసే పోర్ట్రెయిట్ మోడ్ రెండూ ఆపేయండి. ఆ బ్లర్ జుట్టు అంచుల్నీ చెవుల్నీ కూడా మింగేస్తుంది.

ముఖకవళిక. "నవ్వండి" అన్నారంటే పని అయిపోయినట్టే, ఆ నవ్వు ఫొటోది, మనిషిది కాదు. పళ్లు కనిపించే నవ్వు ఫొటోలో బావుంటుంది కానీ, గోడ మీద ఏళ్ల తరబడి చూస్తుంటే బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది. ఏదైనా కబుర్లు చెప్పించండి, వాళ్లకు నచ్చిన విషయం ఎత్తండి, మాట ఆపిన మరుక్షణం క్లిక్ చేయండి. మా నాన్న బొమ్మ రెండోసారి వేయించినప్పుడు ఆయన చేతికి ఒక కరెంటు బిల్లు ఇచ్చాను. కళ్లజోడు దానంతటదే జారింది, ఆయన తలెత్తి "ఇంతొచ్చిందేంటి?" అన్నారు. ఆ ఫొటోనే ఇప్పుడు బొమ్మ.

బట్టలు. సన్న గళ్లు, చిన్న చిన్న పూలు చూపును ముఖం మీద నిలవనీయవు. ముదురు ఎరుపు లాంటి రంగు మెడ దగ్గరుంటే దాని ఛాయ గడ్డం మీద పడుతుంది. కొత్తగా కొన్న బట్టల కంటే ఆ మనిషి తరచూ కట్టుకునేవే మేలు.

పంపాల్సినవి:

☐ అసలు భంగిమలో 30–50 ఫొటోలు తీసి, వాటిలో బాగున్న ఐదారు
☐ ఎదురుగా, రెండు పక్కల నుంచి, ముప్పావు ముఖం (ఎదురుకూ పక్కకూ మధ్యలో తిప్పి)
☐ కళ్లు, నోరు, చెవులు, చేతుల క్లోజప్‌లు
☐ ముఖం పక్కన తెల్ల కాగితం పట్టుకుని ఒక ఫొటో, రంగు అంచనాకు
☐ నగలు, కళ్లజోడు, వాచీ విడివిడిగా
☐ అర నిమిషం వీడియో, మామూలుగా మాట్లాడుతూ

ఇవన్నీ వాట్సాప్‌లో ఫొటోలుగా పంపితే కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్ లింక్ ఇవ్వండి.

వీటితో పాటు నాలుగు వాక్యాలు రాయండి. వాళ్లు ఎలా కూర్చుంటారు, ఎవరివైపైనా చూసేటప్పుడు తల ఎటు వంచుతారు, మీరు కళ్లు మూసుకుంటే వాళ్లు ఎలా కనిపిస్తారు. "దయగల మనిషి" అని రాస్తే ఆర్టిస్టుకు ఏమీ అందదు. "ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే కుడి కనుబొమ్మ లేస్తుంది" అంటే అందుతుంది.

6. ఎదురుగా కూర్చుని వేయించుకుంటే

అవకాశం, ఓపిక రెండూ ఉంటే ఇదే మంచి దారి. ఒక్కో సిట్టింగ్ రెండు మూడు గంటలుంటుంది, ఎన్ని సిట్టింగులు కావాలో ఆర్టిస్టును బట్టి. 20–25 నిమిషాలకోసారి విరామం అడగండి, లేచే ముందు కుర్చీ కాళ్లకూ పాదాలకూ టేపుతో గుర్తులు పెట్టించండి. అన్ని సిట్టింగులూ రోజులో ఒకే వేళకు పెట్టుకోండి, వెలుతురు మారకుండా. మధ్యలో జుట్టు కత్తిరించుకోకండి. ఈ మాటకు నవ్వుకోకండి, ఇలా నిజంగానే జరిగింది.

7. పోయినవాళ్ల బొమ్మ అయితే

చాలాసార్లు చేతిలో ఉండేది గ్రూప్ ఫొటోలో గోరంత ముఖం. అది ఒక్కటే ఇచ్చి పెద్ద బొమ్మ అడిగితే మిగతాదంతా ఆర్టిస్ట్ ఊహించాల్సిందే. కంప్యూటర్‌తో పాత ఫొటోను "క్లియర్" చేయించి ఇవ్వకండి, ఆ సాఫ్ట్‌వేర్ లేని కనురెప్పల్నీ లేని పెదవుల్నీ కల్పిస్తుంది, మనిషి మారిపోతాడు. అసలు ప్రింటునే మంచి స్కానర్‌లో 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) లేదా అంతకంటే ఎక్కువలో స్కాన్ చేయించండి.

వేర్వేరు వయసుల ఫొటోలున్నా అన్నీ ఇవ్వండి, కానీ ఏ వయసు బొమ్మ కావాలో స్పష్టంగా చెప్పండి. రంగు తెలియని నలుపు తెలుపు ఫొటో అయితే ఆ మనిషి ఛాయకు దగ్గరగా ఉన్న బంధువు ఒకరిని కిటికీ దగ్గర ఫొటో తీసి ఇవ్వండి. బాగా పాత ఫొటోల్లో ఇంకో చిక్కుంది. అప్పటి కొన్ని రకాల ప్లేట్లు, ఫిల్ములు ఎరుపును పట్టుకోలేకపోయేవి, అందుకే వాటిలో పెదవులు, ఎర్రటి చర్మం ఉన్నదానికంటే నల్లగా పడ్డాయి. ఫొటోలో నల్లగా ఉన్నారని అలాగే వేయించేయకండి, చూసినవాళ్లను అడగండి.

8. స్కెచ్ వచ్చింది. మీరు మాట్లాడాల్సిన సమయం ఇదే

అసలు పని మొదలయ్యే ముందు ఆర్టిస్ట్ చిన్న స్కెచ్, కొందరైతే చిన్న రంగుల నమూనా కూడా చూపిస్తారు. దీన్ని "బావుంది అండీ" అని ఒక్క మాటతో దాటేయడమే అందరూ చేసే పెద్ద తప్పు. భంగిమ, సైజు, తల వంపు, చేతుల చోటు, వెనక ఏముంది, వెలుతురు ఎటునుంచి, ఇవన్నీ ఇప్పుడు మార్చడం పది నిమిషాల పని. రంగులు పడ్డాక అదే మార్పంటే బొమ్మ సగం చెరిపి మళ్లీ వేయడమే.

ఆ తర్వాత రంగులు పెద్ద పెద్ద మచ్చలుగా పడిన దశ చూపిస్తారు. అప్పుడు పోలిక గురించి మాట్లాడండి, ముఖం వెడల్పు, కళ్ల మధ్య దూరం, గడ్డం పొడవు. చర్మం ఆకుపచ్చగానో బూడిదరంగులోనో ఉంటే కంగారు పడకండి, చాలామంది కింద అలాంటి పూతే వేసి దాని మీద చర్మం రంగు కడతారు. మధ్యలో ప్రతి బొమ్మా కాసేపు అందవికారంగానే ఉంటుంది. ఆ రోజు ఫోన్ చేసి టెన్షన్ పెడితే ఆర్టిస్ట్ చేయి తడబడుతుంది.

చివరి దశలో చిన్నవే అడగాలి. ఒక మెరుపు, ఒక అంచు, పెదవి మూల.

9. తేడా కొడితే ఏం చేయాలి

"అన్నీ ఉన్నాయి కానీ వాళ్లలా లేరు." తొందరపడి ముక్కు మార్చమనకండి. ఎక్కువసార్లు తేడా నోటి మూలల్లోనో, పై కనురెప్ప ఎంత వాలి ఉందన్న దాంట్లోనో ఉంటుంది. బొమ్మ ఫొటోను తలకిందులు చేసి, అసలు ఫొటోనూ తలకిందులు చేసి పక్కన పెట్టండి, ముఖం అన్న సంగతి కన్ను మర్చిపోయి, కొలతలు మాత్రమే కనిపిస్తాయి.

"అందరికీ నచ్చింది, ఆ మనిషికే నచ్చలేదు." మన ముఖాన్ని మనం అద్దంలోనే ఎక్కువ చూసుకుంటాం, అంటే కుడి ఎడమలు మారిన ముఖం. బొమ్మ ఫొటోను ఫోన్‌లో ఫ్లిప్ చేసి చూపించండి. "ఆఁ, ఇప్పుడు నేనే" అంటే ఇక బొమ్మను ముట్టుకోకండి.

"రంగు మరీ పసుపుగా ఉంది." ఆర్టిస్ట్ పంపింది ఫోన్ ఫొటో, మీరు చూస్తున్నది ఇంకో ఫోన్‌లో. పగటి వెలుతురులో, బొమ్మ పక్కన తెల్ల కాగితం పెట్టి మళ్లీ తీయమనండి. వీలైతే వెళ్లి, ఆరడుగుల దూరం నుంచి చూడండి. జూమ్ చేసి కనురెప్పలు లెక్కపెట్టడం మానేయండి.

"ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు." ఇది మా ఇంట్లో జరిగింది. మొదటి బొమ్మను దిద్దిద్దామని కుటుంబ గ్రూపులో పెట్టాను, ఒక్కరోజులో మీసం పెంచమని ఒకరు, తగ్గించమని ఒకరు, నవ్వు పెట్టమని మూడో వాళ్లు. అన్నీ కలిపి పంపాను, పాపం ఆర్టిస్ట్ అన్నీ చేశారు, ఉన్న కాస్త పోలికా పోయింది. మాట చెప్పేవాళ్లు ఇద్దరికి మించొద్దు. ఒక రాత్రి ఆగి, అన్నీ ఒకేసారి, వరుస నంబర్లతో పంపండి.

చెప్పే తీరు కూడా ముఖ్యమే. "కళ్లు చిన్నవి చేయండి" అనకండి, "కోపంగా చూస్తున్నట్టుంది, ఆమె చూపు ఇంకా మెత్తగా ఉంటుంది" అనండి. మందు ఏమిటో వాళ్లకు తెలుసు, మీరు నొప్పి ఎక్కడో చెబితే చాలు.

10. చేతికొచ్చాక

తీసుకునే ముందు మంచి కెమెరాతో తీసిన పెద్ద ఫైలు ఒకటి అడిగి పెట్టుకోండి. కాన్వాస్ వెనక ఎవరి బొమ్మ, ఏ సంవత్సరం, ఏ రంగులు వాడారు అన్నది రాయించండి, వార్నిష్ ఎప్పుడు వేయాలో కూడా.

దూరం నుంచి వస్తుంటే బబుల్ ర్యాప్ నేరుగా రంగు మీద తగలకూడదు, గుండ్రటి అచ్చులు పడతాయి. ముందు గ్లాసిన్ కాగితం (రంగుకు అంటుకోని నున్నటి పల్చటి కాగితం), మూలలకు రక్షణ, రెండు వైపులా గట్టి అట్టలు, ఆ తర్వాతే బబుల్ ర్యాప్. కాన్వాస్ చుట్టి పంపాల్సి వస్తే రంగు బయటి వైపుకు ఉండేలా, లావాటి గొట్టానికి చుట్టాలి. ఇన్సూరెన్స్ చేయించండి.

☐ బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57–60 అంగుళాల ఎత్తులో
☐ ఎండ పడని, చెమ్మ ఎక్కని గోడ, పొయ్యికీ హీటర్‌కూ దూరంగా
☐ ఒక మేకు కాదు, రెండు, వంకర పోకుండా
☐ ఆయిల్‌కు అద్దం అక్కర్లేదు, కాగితం మీది బొమ్మకు అద్దం తప్పనిసరి, రెంటి మధ్యా సందు ఉండాలి
☐ దుమ్ముకు మెత్తటి పొడి బ్రష్ మాత్రమే, తడిగుడ్డ వద్దు

వార్నిష్ వేయించాల్సిన తేదీని ఫోన్ క్యాలెండర్‌లో ఇప్పుడే పెట్టేసుకోండి, ఏడాది తర్వాత అది ఎవరికీ గుర్తుండదు.